పద్నాలుగు గుంజల గోడ

సోమవారం పొద్దున పండరి అనుకున్న పనుల జాబితా చాలా చిన్నది. చాయ తాగాలి, తండాకు వెళ్లి, గోడలు కట్టే సుతారి తారాచంద్‌ను పిలుచుకురావాలి, వాకిట్లోకి ఒరిగిన గోడను అతనికి చూపించాలి, పొద్దెక్కాక చెరుకుకు నీళ్లు పెట్టడానికి చేనుకు పోవాలి. ఇందులో ఎవరి మనసైనా నొచ్చుకునే పని ఒక్కటి కూడా లేదు. ఆ మాట తర్వాత అతను చాలామందితో చెప్పుకున్నాడు గానీ, అప్పటికి వినే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

ఆ గోడ బాన్సువాడలో పండరి ఇంటి వాకిలికీ రోడ్డుకూ మధ్య ఉంది. ముప్పై ఐదేళ్ల కింద అతని తండ్రి మట్టి అడుసుతో ఇటుకలు పేర్చి, పైన సున్నం పూయించి కట్టించాడు. నిలబడ్డ మనిషి చెయ్యి పైకి చాపితే అందేంత ఎత్తు. ఒక కొసన ఇనుప గేటు. గేటుకు దగ్గర్లోనే, గోడను ఆనుకుని, అంట్లు తోమే జాలారి ఉంది. ఏళ్ల తరబడి ఆ నీళ్లన్నీ తాగి పునాది మెత్తబడింది. గోడ ఏడాదిగా వాకిట్లోకి వంగుతోంది, పండరి భార్య ప్రేమల ఏడాదిగా ఆ సంగతి చెబుతోంది, పండరి ఏడాదిగా చూద్దాం అంటున్నాడు. ఆదివారం సాయంత్రం గోడ మీది నుంచి ఒక ఇటుక ఊడి, ప్రేమల తోమి బోర్లించిన ఇత్తడి బిందె మీద పడి సొట్ట పెట్టింది. బిందె ఆమె తల్లిగారిచ్చింది. ఇక ఆ ఇంట్లో చూద్దాం అనే మాటకు చోటు లేకుండా పోయింది.

తారాచంద్ వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. గోడకు దండం పెట్టినంత శ్రద్ధగా దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, సంచిలోంచి దారానికి కట్టిన ఇత్తడి గుండు తీసి, గోడ పైఅంచు నుంచి కిందికి వేలాడదీశాడు. గుండు ఊగి ఊగి నిలబడ్డాక జానతో కొలిచాడు. పడగొట్టి మళ్లీ కట్టాల్సిన పని లేదని, పునాది కొంచెం కొంచెంగా తవ్వి రాళ్లు కూరితే నిలబడుతుందని చెప్పాడు. అయితే తనకు వర్నిలో ఒక స్లాబు పని ఉంది, బుధవారం గానీ రాలేడు.

"అందాక లోపటి దిక్కు ఆరు గుంజలు ఆన్చి పెట్టు పటేలా. గుంజ గోడను పట్టుకోవాలె, నూకొద్దు. గీ ఒక్క మాట యాదుంచుకో."

గుంజ ఆనాలి, నెట్టకూడదు. పండరి యాదుంచుకున్నాడు. ఆ మాటకొస్తే, జరగబోయే దాంట్లో ఆ మాటను గుర్తుపెట్టుకున్న మనిషి అతను ఒక్కడే.

గుంజల కోసం బామ్మర్ది హన్మాండ్లుకు కబురు పెట్టాడు. హన్మాండ్లు ప్రేమలకు తమ్ముడు, పక్క ఊళ్లో సేద్యం. పని చెబితే ఎందుకని అడిగే అలవాటు లేనివాడు. తన పొలం గట్టు మీద నేరేడు చెట్ల నుంచి బలమైన గుంజలు ఆరు కొట్టాడు. అక్క ఇంట్లో మేకలకు పనికొస్తుందని కొసల్లో ఆకు అలాగే ఉంచాడు. ఎడ్లబండి మీద వేసుకుని, మధ్యాహ్నం వేళ, బస్టాండు ముందు నుంచి, బజారు నడిమధ్య నుంచి నింపాదిగా వచ్చాడు. దారిలో తెలిసినవాళ్లు ఎక్కడికి అంటే బావ ఇంటి దిక్కు చెయ్యి చూపాడు. ఏమన్నా శుభకార్యమా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆ సమయంలో అతని దవడ నిండా జర్దా ఉంది. ఉమ్మి జవాబు చెప్పేంత ముఖ్యమైన ప్రశ్నగా అతనికి తోచలేదు. తల ఊపాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. అది తొంభై తొమ్మిదో సంవత్సరం, మాఘమాసం. ఆ ప్రాంతంలో మాఘమాసంలో, పెండ్లీడు ఆడపిల్ల ఉన్న ఇంటికి, ఆ పిల్ల మేనమామ ఆకుతో ఉన్న పచ్చి నేరేడు గుంజలు బండి మీద తోలుకొచ్చాడంటే దానికి ఒకటే అర్థం. పెండ్లి పందిరి. గుంజలు తెచ్చి, పందిరి వేసే రోజు దాకా ఏదో ఒక గోడకు ఆన్చి పెడతారు. పండరి కూతురు సుజన ఇంటరు పాసై ఇంట్లోనే ఉంది. ఆమె టీచరు ట్రైనింగు ఎంట్రన్సుకు చదువుకుంటోందని, అందుకే నెల రోజులుగా గడప దాటలేదని వీధిలో కొందరికి తెలుసు. పెండ్లి కుదిరిన పిల్లను బయటికి పంపరని మాత్రం అందరికీ తెలుసు. రోడ్డు మీద పోయేవాళ్లకు గోడ లోపల ఏముందో కనబడదు. గోడ పైనుంచి వరసగా తొంగిచూస్తున్న నేరేడాకు ఒక్కటే కనబడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. లగ్నం రాయించేదాకా పెండ్లి సంగతి ఒప్పుకోవడం అక్కడ ఎవరికీ అలవాటు లేదు, దిష్టి తగులుతుందని భయం. కాబట్టి పెండ్లి లేదని ఎంత గట్టిగా చెబితే లగ్నం అంత దగ్గర్లో ఉన్నట్టు లెక్క. మంగళవారం పొద్దున బ్యాండు మేళం దేవదాస్ వచ్చి ఏ తారీకు అని అడిగినప్పుడు, పండరి గుండె మీద చెయ్యి పెట్టుకుని పెండ్లి లేదు, ఏమీ లేదు, అది గోడ కోసం అన్నాడు. దేవదాస్ అర్థమైనట్టు తల పంకించి, ఆ మాఘమంతా వేరే మేళాలు ఒప్పుకోనని మాటిచ్చి వెళ్లాడు.

దేవదాస్ పోయాడో లేదో విఠల్ వచ్చాడు. విఠల్ పండరికి పెదనాన్న, పాలివాళ్లు అంటే దాయాదులందరిలో పెద్ద. డెబ్బై ఐదేళ్లు. భుజం మీద ఒక గుంజ, చేతిలో సుత్తె, ముఖంలో గాయపడ్డ గౌరవం. పాలివాళ్లు ఇంటికొకటి చొప్పున పందిరికి గుంజ తేవడం వాళ్ల ఇంటి పద్ధతి. గుంజ తెచ్చి దించాక దాన్ని తిరిగి పట్టుకుపొమ్మనడం కన్నా ఆ మనిషిని చెంప మీద కొట్టడం తక్కువ అవమానం.

"నువ్వు చెప్పకపోతివి. చెప్పకున్నా మా పద్ధతి మేము ఇడువం గద" అన్నాడు విఠల్.

పండరి ఆయనను కూర్చోబెట్టి, సొట్ట బిందె చూపించి, ఊడిన ఇటుక చూపించి, తారాచంద్ చెప్పినదంతా పొల్లుపోకుండా చెప్పాడు. విఠల్ ఓపికగా విన్నాడు. పెద్దవాడు కాబట్టి పిల్లల అబద్ధాన్ని మన్నించే గుణం ఆయనకు ఉంది.

"గోడకేనంటవ్. సరే, గోడకే పెడ్త" అని లేచి, తన గుంజను గోడకు ఆన్చి, కింద మొదట్లో మేకు దిగ్గొట్టి, అది జరగకుండా ఇంకో నాలుగు దెబ్బలు వేశాడు. హన్మాండ్లు తెచ్చిన ఆరు గుంజల కన్నా తన ఒక్క గుంజ బిగువుగా ఉందని చూసుకుని తృప్తిపడ్డాడు. పండరి నూకొద్దు పెదనాయనా అంటూనే ఉన్నాడు. నూకుతున్నానా, పెడుతున్నాను అన్నాడాయన.

సాయంత్రానికి మిగిలిన పాలివాళ్లు ఏడుగురు వచ్చారు. ఏడు గుంజలు, ఏడు సుత్తెలు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ చాయ తాగలేదు. ప్రతి ఒక్కరూ మాకెందుకు చెప్పలేదని ఒకసారి అడిగి, గోడ కథ ఒకసారి విని, సరే గోడకే అని విఠల్ గుంజ ఎంత బిగువుగా ఉందో చెయ్యి పెట్టి చూసి, తమది దానికన్నా ఇంకొంచెం బిగించి వెళ్లారు. చీకటి పడే వేళకు గోడకు పద్నాలుగు గుంజలయ్యాయి. ప్రేమల అంట్లు తోమడానికి గుంజల కింద నుంచి వంగి పోయి, వంగి వచ్చింది. గోడ బాగుపడుతోందో లేదో గానీ తన నడుము పోతోందని చెప్పింది. సుజన మాత్రం లోపలి గది కిటికీలోంచి ఒకసారి తొంగిచూసి, పద్నాలుగు గుంజలకు ఎంత బలం వస్తుందో లెక్క వేయడానికి ఫిజిక్సు పుస్తకం తీసింది.

పండరికి ఇవేవీ పట్టలేదు. పాలివాళ్ల అలక పదిరోజుల్లో తీరుతుంది, మేళంవాడు ఇంకో పెండ్లి చూసుకుంటాడు. అతని గుండెలో మెదులుతున్న భయం వేరు. మద్నూర్‌లో ఉన్న అక్కకు ఈ వార్త చేరితే ఎలా అన్నదే ఆ భయం.

బుజ్జమ్మ పండరి కన్నా పన్నెండేళ్లు పెద్ద. అతనికి మూడో ఏట తల్లి పోతే, పదిహేనేళ్ల పిల్ల తమ్ముణ్ని చంకన వేసుకుని ఇల్లు నడిపింది. తమ్ముడు బడికి పోయేదాకా పెండ్లి చేసుకోనని తండ్రితో కొట్లాడింది. మద్నూర్ కాపురానికి పోయాక కూడా, పండరికి జ్వరమొచ్చిందని తెలిస్తే లారీ ఎక్కైనా వచ్చేది. ఆమె కొడుకు సాయిప్రసాద్‌కు సుజన మేనమామ కూతురు. చిన్నప్పుడు వాళ్లిద్దరినీ చూసి చుట్టాలంతా పెండ్లి మాటే అనేవాళ్లు. రెండేళ్ల కింద సుజన తాను టీచరు అయ్యేదాకా పెండ్లి మాట ఎత్తొద్దని తండ్రి దగ్గర ఒట్టు వేయించుకుంది. ఆ సంగతి అక్కకు ఎలా చెప్పాలో పండరికి తెలియలేదు. తెలియక మద్నూర్ పోవడమే తగ్గించాడు. అక్క రాక కూడా తగ్గింది. కోపమొచ్చిందనే అనుకున్నాడు. రెండేళ్లలో వాళ్లిద్దరూ చావులకు, పండగలకు తప్ప కలుసుకోలేదు.

పైగా ఆ ఇంట్లో తాతల నాటి పద్ధతి ఒకటుంది. పందిరికి మొదటి గుంజ ఆడబిడ్డ ఇంటి నుంచి రావాలి. ఆమె తెచ్చింది పాతాకే మిగిలినవి నిలబెడతారు. ఆడబిడ్డకు చెప్పకుండా పద్నాలుగు గుంజలు వాకిట్లోకి వచ్చాయంటే, ఆ ఇంటితో ఆమెకు ఉన్న పేగుబంధాన్ని తెంపేసినట్టే.

అందుకే మంగళవారం దీపాలు పెట్టే వేళ పండరి ఎస్టీడీ బూతుకు పరుగెత్తాడు. అక్క ఇంటి పక్కన ఎరువుల దుకాణానికి ఫోను చేశాడు. దుకాణంవాడు మంచి మనిషి, అడిగినదానికన్నా ఎక్కువే చెప్పాడు. సోమవారం సాయంత్రం బాన్సువాడ బస్సు దిగినవాళ్లు ఎవరో సంగతి చెప్పారట. అప్పటి నుంచి బుజ్జమ్మ ఎవరితోనూ మాట్లాడలేదట. అన్నం తినలేదట. ఇందాకనే గొడ్డలి తీసుకుని పెరట్లోకి పోయిందట. పండరి గోడ, బిందె అని మొదలుపెట్టేలోగా లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

బుధవారం పదకొండు గంటల బస్సుకు బుజ్జమ్మ దిగింది. కండక్టరు పైకెక్కి టాపు మీది నుంచి తాళ్లు విప్పి ఒక గుంజ దించి ఇచ్చాడు. పసుపు రాసి, మామిడాకు కట్టిన గుంజ. ఆమె దాన్ని ఎవరినీ మోయనివ్వలేదు. బస్టాండు నుంచి తమ్ముడి ఇంటి దాకా భుజాన పెట్టుకుని ఒక్కతే నడిచి వచ్చింది. గేటు ముందు ఆగింది. గోడ మీది నుంచి కనబడుతున్న గుంజల కొసలను పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న పిండిగిర్ని అరుగు మీద కూర్చుని, గుంజను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది.

పండరి గేటు తీసుకుని పరుగున వచ్చాడు. వెనకే ప్రేమల చెంబుతో నీళ్లు తెచ్చింది. బుజ్జమ్మ చెంబు వైపు చూడలేదు. వీధిలో వాళ్లు మెల్లగా చేరారు. విఠల్ కూడా వచ్చి, ఆడబిడ్డకు జరిగిన అన్యాయం మీద తనకూ ఒక మాట ఉందన్నట్టు నిలబడ్డాడు.

"అక్కా, గిది పందిరి కాదే. గోడ పడిపోతదని గుంజలు పెట్టిన. నీ మీద ఒట్టు."

"ఒక్క గోడకు పద్నాలుగు గుంజలా తమ్మి? నిన్ను సంకల ఏసుకొని పెంచిన నేను. అబద్ధమాడితే నీ చెవులు ఎర్రగైతయి. ఇప్పుడు గట్లనే ఉన్నయి."

నిజంగానే ఎర్రగా ఉన్నాయి. పొద్దున్నుంచి బస్టాండుకూ ఇంటికీ మధ్య నాలుగుసార్లు ఎండలో తిరిగాడు, తీరా బస్సు వచ్చే వేళకు ఎస్టీడీ బూతులో ఉన్నాడు. ఆ మాట చెప్పేలోగా అక్క మళ్లీ అందుకుంది.

"నీ బిడ్డ, నీ ఇష్టం. ఎవరికన్న ఇచ్చుకో, నేను అడ్డం రాను. గని మొదటి గుంజ నాది. గది మన తాతలు పెట్టిన పద్ధతి. ఇగో, తెచ్చిన, పాతుకో. నేను మాత్రం గా గేటు దాటి నీ వాకిట్ల కాలు పెడితే అడుగు."

పిండిగిర్నిలో మర ఆగిపోయింది. పండరి అక్క కాళ్ల దగ్గర రోడ్డు మీదే కూలబడ్డాడు. తల్లి పోయిన నాటి దుఃఖం అతనికి గుర్తులేదు, మూడేళ్లవాడు. అది ఎలా ఉండి ఉంటుందో ముప్పై ఆరేళ్లకు ఇప్పుడు తెలిసింది.

సరిగ్గా అప్పుడే తారాచంద్ సైకిలు మీద వచ్చాడు. గుంపును చూశాడు, గోడను చూశాడు, సైకిలు స్టాండు వేయడం మరిచి కింద పడేశాడు. ఏమీ అడగకుండా సంచిలోంచి గుండు తీసి, ఈసారి రోడ్డు వైపు నుంచి గోడ పైఅంచుకు పట్టి వదిలాడు. గుండు గోడకు దూరంగా, గాలిలో వేలాడింది. అతను జానతో కొలిచి, మళ్లీ కొలిచి, వెనక్కి వచ్చాడు. అరుగుకు ఇవతల ఎవరూ నిలబడొద్దని అందరినీ గిర్ని వైపు తరిమాడు.

"పటేలా, నేను పోయిన్నాడు గోడ ఇంట్లకు జానెడు ఒరిగి ఉండె. ఇప్పుడు రోడ్డు దిక్కు జానెడున్నర ఒరిగింది."

పండరి తల ఎత్తి చూశాడు.

"నూకొద్దంటి గదా" అన్నాడు తారాచంద్.

"నేను నూకలే. ఒక్కొక్కరు జర జర నూకిండ్రు."

ఇక ఉన్నది ఒకటే దారి అని తారాచంద్ తేల్చాడు. లోపలి గుంజలు ఒక్కటి కూడా కదపకూడదు. ముందు రోడ్డు వైపు ఒక బలమైన గుంజ ఆన్చి గోడను పట్టుకోవాలి, ఆ తర్వాతే లోపలివి ఒక్కొక్కటిగా వదులు చెయ్యాలి. బయట ఖాళీగా ఉన్న గుంజ ఏదని అందరూ చుట్టూ చూశారు. అది బుజ్జమ్మ ఒళ్లో ఉంది.

పండరి అక్క ముఖంలోకి చూసి, చెయ్యి చాపాడు. బుజ్జమ్మ గుంజను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

"పసుపు రాసి పందిరికని తెచ్చిన. గోడకు ఇయ్య."

"వదినె, నీకు దండం పెడ్త" అంది ప్రేమల. బుజ్జమ్మ కదలలేదు. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, పట్టు కూడా ఉంది. ఆ రెండిట్లో ఏది గెలిచేదో తెలిసేలోగా, ఇంతసేపూ వెనక నిలబడి ఆలోచిస్తున్న విఠల్‌కు ఒక విషయం అర్థమైంది. గోడ కథ నిజం. పండరి అబద్ధమాడలేదు. నిన్న తాను ఆ పిల్లవాణ్ని నమ్మకపోవడం తప్పు. తప్పు దిద్దుకోవాలంటే గోడ పడకుండా చెయ్యాలి, పడకుండా ఉండాలంటే గుంజ బిగువుగా ఉండాలి. ఆయన ఎవరికీ చెప్పకుండా గేటులోంచి లోపలికి పోయి, తన సుత్తె తీసుకుని, తన గుంజ మొదట్లో మేకు మీద మనస్ఫూర్తిగా ఒక దెబ్బ వేశాడు.

గోడ తొందరపడలేదు. ముందు పైన సున్నం పెచ్చు ఒకటి రాలింది. తర్వాత గోడంతా ఒక్కసారిగా, గేటు స్తంభం పక్క నుంచి అవతలి మూల దాకా, రోడ్డు మీదికి పడుకుంది. ఆధారం పోయిన పద్నాలుగు గుంజలూ ఆకులతో సహా దాని మీద ఒకదాని వెంట ఒకటి వాలాయి. దుమ్ము లేచి పిండిగిర్ని దాకా కమ్మింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తారాచంద్ సైకిలు ముందు చక్రం మాత్రం ఇటుకల కింద ఉండిపోయింది.

దుమ్ము అణిగాక, మేకు పక్కన సుత్తె పట్టుకుని నిలబడ్డ విఠల్ కనబడ్డాడు. ఆయన వెనక వాకిలంతా కనబడింది. ముప్పై ఐదేళ్లలో మొదటిసారి ఆ వాకిలి రోడ్డు మీదివాళ్లందరికీ కనబడింది. గడపకు పసుపు లేదు, గోడలకు కొత్త సున్నం లేదు, పందిరి గుంటలు లేవు. వసారాలో మంచం మీది నుంచి సుజన ఉలిక్కిపడి లేచి నిలబడింది. పాత బట్టలు, చమురు పెట్టని జుట్టు, వేళ్ల నిండా సిరా మరకలు, ఒళ్లో నుంచి జారిపడ్డ గైడు పుస్తకం. పెండ్లి దగ్గర పడ్డ పిల్ల ఆ అవతారంలో ఉండదని రోడ్డు మీద ఉన్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. అందరికన్నా ముందు బుజ్జమ్మకు తెలిసింది.

ఆమె అరుగు దిగింది. ఒక చేత్తో గుంజ పట్టుకుని, రోడ్డు దాటి, గేటు వైపు చూడకుండా నేరుగా పడిపోయిన గోడ దగ్గరికి వచ్చింది. వంగి ఒక ఇటుకను ముట్టుకుంది. నాయన ఈ గోడ కట్టించిన ఏడు తాను తమ్ముణ్ని చంకన వేసుకునే అడుసుకు నీళ్లు మోశానని ఎవరికో చెబుతున్నట్టు మెల్లగా అంది. తర్వాత చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, ఇటుకల మీది నుంచి ఒక్కో అడుగూ వేసుకుంటూ వాకిట్లోకి నడిచింది.

"గేటు దాటలేదు. అందరు చూసిండ్రు గద" అంది వెనక్కి తిరిగి.

పండరి ఏడ్చాడు. వీధిలో వాళ్లంతా చూస్తున్నారన్న సిగ్గు లేకుండా ఏడ్చాడు. బుజ్జమ్మ ప్రేమల చేతిలోంచి చెంబు తీసుకుని నీళ్లు తాగి, మిగిలిన నీళ్లతో తమ్ముడి ముఖం కడిగింది. చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయని చూసి, ఎండకేమోలే అని తనే సర్దుకుంది.

వసారాలో కూర్చున్నాక పండరి రెండేళ్లుగా దాచుకున్న మాట బయటపెట్టాడు. సుజన చదువుకుంటానంది, అక్క కొడుక్కు ఇవ్వనని కాదు, ఎలా చెప్పాలో తెలియక మొహం చాటేశాను అన్నాడు. బుజ్జమ్మ కొంగు అంచును వేళ్లకు చుట్టుకుంది.

"నేను కూడ గందుకే రాలే తమ్మి. సాయిప్రసాద్ డోంగ్లి ఊరి పిల్లను చేసుకుంటనంటుండు. వైశాలి అని, మరాఠోళ్ల పిల్ల. మేనమామ బిడ్డను కాదని గీ ముచ్చట నీకు ఏ ముఖం పెట్టుకొని చెప్పాలె? నువ్వు ఏడ నీ బిడ్డను చేసుకొమ్మంటవో అని రెండేండ్ల సంది నాకు నిద్ర లేదు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పుస్తకంలో తల పెట్టుకున్న సుజన మాత్రం ఆ రోజంతా పేజీ తిప్పలేదు, పెదవుల మీద నవ్వు చెరగలేదు.

విఠల్ సుత్తె పక్కన పెట్టి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. గోడ గురించి ఎవరూ ఆయనను ఏమీ అనలేదు, ఆయన కూడా ఏమీ అనలేదు. అయితే పెండ్లి మాట చెవిన పడగానే ఆయన ముఖం వెలిగింది. మాఘమాసంలో పద్నాలుగు గుంజలు ఊరికే కదలవని, ఏదో ఒక పెండ్లి ఉందని తాను సోమవారమే చెప్పానని అందరికీ గుర్తుచేశాడు. పెండ్లి పేరు మీద ఇల్లు దాటిన గుంజ పెండ్లి చూడకుండా వెనక్కి పోకూడదని తీర్పు చెప్పింది కూడా ఆయనే. పది రోజుల తర్వాత ఆ గుంజలన్నీ లారీ ఎక్కి మద్నూర్ పోయాయి. వాటితో సాయిప్రసాద్ పెండ్లికి పందిరి లేచింది. మేనమామ హోదాలో పండరి గుంజలు పాతించాడు. ఏదీ బిగించనివ్వకుండా తారాచంద్ పక్కనే నిలబడ్డాడు. దేవదాస్ మేళం వాయించాడు. ఆ మాఘమంతా అతను వేరే పని ఒప్పుకోలేదు కదా.

ఆ ఎండాకాలం సుజన ఎంట్రన్సు రాసింది, సీటు వచ్చింది. తారాచంద్ గోడను రాతి పునాది మీద, సిమెంటుతో, గుండు వేలాడదీసి వెంట్రుకంత తేడా లేకుండా కట్టాడు. అయితే బుజ్జమ్మ గేటు దాటనని పదిమందిలో అన్నది, అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆమెకు లేదు. అందుకని గోడ పడిన చోట, గేటుకు నాలుగు అడుగుల దూరంలో, ఒక మనిషి హాయిగా నడిచేంత ఖాళీ వదిలి కట్టమని పండరి చెప్పాడు. అక్క వచ్చినప్పుడల్లా అందులోంచే వస్తుంది. మెల్లమెల్లగా ఇంట్లోవాళ్లు, చుట్టాలు, పాలివాళ్లు, మేకలు అందరూ అందులోంచే రావడం మొదలుపెట్టారు.

గేటుకు మాత్రం ప్రేమల ఇప్పటికీ రోజూ చీకటి పడగానే మరిచిపోకుండా తాళం వేస్తుంది.